అయ్యగారి సాంబశివరావు

సికింద్రాబాదునకు ఉత్తరమున యాప్రాలు అను గ్రామముండెను. నేడది నగరములో కలిసిపోయినది. అచ్చటినుండి బయలుదేరి సైనికపురి మీదుగా కొంతదూరము పోయినచో ఏ. ఎస్. రావు నగరు అను పేట వచ్చును; ఇంకను ముందునకు పోయినచో ఈ. సి. ఐ. ఎల్. చౌరస్తా వచ్చును. ఈ పేరులను బస్సుల నుదుటిపై ప్రతిదినము వేలకొలది జనులు చదువుకొనుచుందురు. బడికి పోవు పిల్లలకును అవి కంఠపాఠములే. కాని ఆ రావు ఎవరు, ఆ నాలుగక్షరముల వెనుకనున్న కథ యేమి అని యడిగినచో తడుముకొనువారే యెక్కువ. ఆ కథ ఈ చౌరస్తాలో మొదలుకాలేదు. గోదావరి డెల్టాలోని ఒక పల్లెలో మొదలైనది.

అయ్యగారి సాంబశివరావుగారు 1914వ సంవత్సరము సెప్టెంబరు 20వ తేదీన మోగల్లు గ్రామమున జన్మించిరి. ఈ గ్రామము నేటి పశ్చిమ గోదావరి జిల్లాలో భీమవరమునకు చేరువనున్నది. విప్లవవీరుడు అల్లూరి సీతారామరాజు పూర్వుల ఊరును ఇదియే. సీతారామరాజు జన్మించిన 1897వ సంవత్సరముననే ఇంగ్లండులో జె. జె. థామ్సను అను శాస్త్రజ్ఞుడు ఎలక్ట్రానును కనుగొనెను. అనగా సాంబశివరావుగారు పుట్టునాటికి ఆ కణమును లోకమెఱిగి 17 ఏండ్లు మాత్రమే అయినది. కాలువగట్ల నడుమ, వరిచేల నడుమ పుట్టిన బాలుడు కంటికానని ఆ కణముతోనే జీవితమంతయు గడపునని ఎవరనుకొందురు?

ఉన్నత విద్యకై ఆయన కాశికి పోయిరి. మదనమోహన మాళవీయ పండితుడు స్థాపించిన హిందూ విశ్వవిద్యాలయమున ఎం. ఎస్‌సి. పట్టము పొంది, అచ్చటనే కొన్ని సంవత్సరములు అధ్యాపకులుగా పనిచేసిరి. ఈ అధ్యాపకత్వమును చిన్న విషయముగా తలపరాదు. తనకు తెలిసినదానిని తెలియనివానికి చెప్పునపుడే తనకు నిజముగా ఎంత తెలియునో తేలును. నల్లబల్ల యొద్ద నిలిచినవాడు నడుమ ఒక మెట్టు దాటవేసినచో వెనుక వరుసలోని కుఱ్ఱవాడు వెంటనే పట్టుకొనును. యంత్రములును అట్టి విద్యార్థులే. కాని అవి ప్రశ్న వేయవు, ఊరక ఆగిపోవును.

1946లో రావుగారు టాటా విద్యార్థివేతనముతో అమెరికాకు పోయి, స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున చేరి, విద్యుత్ ఇంజనీరింగులో ఉన్నత పట్టము పొందిరి. రెండవ ప్రపంచయుద్ధము అప్పటికి ముందటి సంవత్సరమే ముగిసెను. రాడారు మొదలైన సాధనములచేత ఎలక్ట్రానిక్సు శాస్త్రము ఆ యుద్ధకాలమున ఎన్నడును ఎఱుగనంత వేగముగా పెరిగెను. స్టాన్‌ఫర్డులో ఇంజనీరింగు శాఖకు అధిపతియైన ఫ్రెడరిక్ టెర్మన్, తన శిష్యులు పరిశోధనతో తృప్తిపడక పరిశ్రమలు స్థాపింపవలెనని ప్రోత్సహించువాడు. ఆయన శిష్యులే హ్యూలెట్, ప్యాకార్డు అను ఇరువురు యువకులు. వారు 1939లో ఒక కారుషెడ్డులో చిన్న కార్ఖానా పెట్టిరి. వారు అమ్మినవి ఇంజనీర్లకును శాస్త్రజ్ఞులకును కావలసిన కొలత పరికరములు. విశ్వవిద్యాలయపు బల్లపై పుట్టిన పరికరము పదిమంది కొనదగిన సరకుగా మాఱుట ఎట్లో చూడదలచినవారికి ఆ కాలమున అంతకంటె తగిన చోటు దొరకుట అరుదు.

స్వదేశమునకు తిరిగివచ్చిన పిదప రావుగారు బొంబాయిలో హోమీ భాభా నాయకత్వమున సాగుచున్న పనులలో పాలుపంచుకొనిరి. భాభా 1945లో టాటా మౌలిక పరిశోధన సంస్థను స్థాపించి యుండెను. అంతరిక్షమునుండి భూమిపై ఎడతెగక కురియు విశ్వకిరణములనుగూర్చి అచ్చట పరిశోధనలు జరుగుచుండెను. ఈ కిరణములు కంటికి కనబడవు, చెవికి వినబడవు. వాటిని పట్టుకొనవలెనన్న గైగరు గొట్టములు కావలెను; ఆ గొట్టములలో పుట్టు సన్నని విద్యుత్ స్పందనమును పెద్దదిగా చేయు యంత్రములు కావలెను; వాటిని లెక్కించు యంత్రములు కావలెను. ఇవన్నియు అంగడిలో దొరకునవి కావు. దొరకినను విదేశములనుండి తెప్పించుటకు ధనము చాలదు. కనుక శాస్త్రజ్ఞులే స్వయముగా చేసికొనవలసి వచ్చెను.

ఇచ్చట ఒక చిక్కు గలదు. రావుగారి జీవితమును తెలిసికొనవలెనన్న మొదట దీనిని తెలిసికొనవలెను.

శాస్త్రజ్ఞుడు తన పనికొఱకు తానొక పరికరమును చేసికొనెననుకొందము. అది అతని బల్లపై చక్కగా పనిచేయును. దానిలో ఏ తీగె ఎచ్చటికి పోవునో అతనికి తెలియును. ఉదయము పెట్టెను పది నిమిషములు వేడెక్కనీయవలెనని తెలియును. ముల్లు కదలకున్నచో కుడిప్రక్క ఒక్కచరుపు చరచవలెననియు తెలియును. ఈ సంగతులన్నియు అతని తలలో నుండును గాని కాగితముమీద నుండవు. అతడు సెలవుపై పోయిననాడు ఆ పెట్టె ఎవ్వరికిని పనికిరాదు. అంతకంటె కీడేమనగా, అది తప్పు అంకెలు చూపుచున్నను ఇతరులు కనిపెట్టలేరు. ఆ అంకెలనుబట్టి వ్రాసిన సిద్ధాంతమును తప్పగును. శాస్త్రజ్ఞులు ప్రకృతినిగూర్చి చెప్పబడిన ప్రతి మాటను వందవిధముల శంకింతురు. కాని తమ చేతులతో తాము చేసిన సాధనమును శంకించుట వారికి అంత సులభముగా అలవడదు. మంచి వంటవాడు పరుల వంటలో ఉప్పు ఎక్కువైనదని ఇట్టే చెప్పును. తన వంటనుగూర్చి మాత్రము ఇంటివారిని అడుగవలసినదే.

ఒకరి బల్లపై పనిచేయుదానిని ఎవరి చేతిలోనైనను, ఏ దినమునైనను పనిచేయునట్లు మార్చుట వేఱొక విద్య. దానికి ముందుగా పటము గీయవలెను. గీసిన పటమును ఇంకొకరు పరిశీలింపవలెను. ఏ భాగమునకాభాగమును విడివిడిగా పరీక్షించి, పిదప కూర్చి, మరల పరీక్షింపవలెను. మార్పు చేసినపుడెల్ల ఏమి మార్చితిమో, ఎందుకు మార్చితిమో వ్రాసియుంచవలెను. చెప్పుటకు ఇది ఎంతయు సామాన్యము. చేయుటకు మాత్రము ఎవ్వరికిని ఓపిక యుండదు. ఆ ఓపిక తప్పనిసరియైన పని ఒకటి 1955 నాటికి రావుగారి ముందునకు వచ్చెను.

అది అణురియాక్టరు. 1954లో భారతప్రభుత్వము అణుశక్తి శాఖను ఏర్పాటు చేసి, బొంబాయి శివార్లలోని ట్రాంబేలో పరిశోధన కేంద్రమును ప్రారంభించెను. అచ్చట ఒక చిన్న రియాక్టరును భారతీయులే కట్టవలెనని భాభా నిశ్చయించెను. ఇంధనము మాత్రము బ్రిటను ఇచ్చును, తక్కినదంతయు మనవారిదే. యంత్రమును అదుపులో నుంచు ఎలక్ట్రానిక్ నియంత్రణ వ్యవస్థ రావుగారి బృందమునకు వచ్చెను.

ఆ పని యెట్టిదో కొంచెము వివరింపవలెను. యురేనియము పరమాణువు యొక్క కేంద్రకము చీలినపుడు న్యూట్రానులు వెలువడును. అవి ఇతర కేంద్రకములను చీల్చును. వాటినుండి మఱికొన్ని వెలువడును. ఈ గొలుసు మితముగా సాగినచో శక్తి లభించును; మితి తప్పినచో ప్రమాదము. న్యూట్రానులను మ్రింగివేయు లోహపు కడ్డీలను లోనికి దింపియు, పైకి లాగియు ఆ గొలుసును అదుపులో నుంచవలెను. లోపల ఎన్ని న్యూట్రానులున్నవో క్షణక్షణము కొలిచి చెప్పునవి ఎలక్ట్రానిక్ పరికరములు. రియాక్టరు మేల్కొనునపుడున్న న్యూట్రానుల సంఖ్యకును, పూర్తి బలముతో నడచునపుడున్న సంఖ్యకును కోట్ల రెట్లు భేదముండును. అంత చిన్నదానిని, అంత పెద్దదానిని ఒకే తీరున నమ్మకముగా కొలువవలెను. ఆ కాలమున ట్రాన్సిస్టరులు ఇంకను వాడుకలోనికి రాలేదు. అన్నియు గాజు వాల్వులే. వాల్వు అనునది దీపపుబుడ్డి వంటిది. ఏ నిమిషమున మాడిపోవునో తెలియదు.

కాబట్టి ఇచ్చట పరికరము పనిచేసిన చాలదు. పనిచేయకపోయినపుడు ఏమగునో ముందుగానే ఆలోచింపవలెను. రియాక్టరులను కట్టువారు పాటించు మూలసూత్రము ఇది: ఏ భాగము చెడినను యంత్రము ఆగిపోవు వైపునకే ఒరుగవలెను గాని నడచు వైపునకు ఒరుగరాదు. కరెంటు పోయినచో కడ్డీలు తమ బరువుచేతనే క్రిందికి జాఱి గొలుసును తెంచవలెను. ఒకే కొలతను వేఱు వేఱు పరికరములచేత కొలిపించి, వాటిలో ఒకటి తప్పు చెప్పినను మోసపోకుండునట్లు ఏర్పాటు చేయవలెను. ప్రయోగశాలలో ఒక్కచరుపు చరచి ముల్లును కదల్చుకొను అలవాటునకు ఇచ్చట తావు లేదు.

1956వ సంవత్సరము ఆగస్టు 4వ తేదీ మధ్యాహ్నము 3 గంటల 45 నిమిషములకు ఆ రియాక్టరు ప్రాణము పోసికొనెను. సోవియట్ దేశమును మినహాయించినచో ఆసియా ఖండమున అదియే మొదటిది. ప్రధానమంత్రి నెహ్రూ మఱుసటి సంవత్సరము జనవరిలో దానికి అప్సర అని పేరుపెట్టెను. నీటి లోతులలో వెలుగు నీలికాంతిని చూచినవారికి ఆ పేరు తగినదనియే తోచెను. ఆ కాంతిని అదుపులో నుంచిన పరికరములు మాత్రము ఏ అందమును లేని బూడిదరంగు పెట్టెలు. 1960లో ప్రభుత్వము రావుగారికి పద్మశ్రీ బిరుదమునిచ్చెను. 1965లో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమానము లభించెను.

ఇంతలో దేశమునకు ఒక గట్టి దెబ్బ తగిలెను. 1962లో చైనాతో జరిగిన యుద్ధమున మన సైన్యమునకు వార్తాసాధనములు సహితము చాలినన్ని లేవని తేలెను. దేశమునకు ఎలక్ట్రానిక్సు ఎంత అవసరమో, ఎట్లు సంపాదించుకొనవలెనో తెలుపుటకై 1963లో ప్రభుత్వము ఒక సంఘమును నియమించెను. దానికి భాభా అధ్యక్షుడు. సభ్యులలో విక్రమ్ సారాభాయి ఒకరు, రక్షణమంత్రికి శాస్త్రసలహాదారైన సూరి భగవంతముగారు ఒకరు, సాంబశివరావుగారు ఒకరు. నలుగురిలో ఇరువురు తెలుగువారగుట గమనింపదగినది. భగవంతముగారు కృష్ణాజిల్లావారు, అంతకుముందు ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిరి.

ఆ సంఘము మూడు సంవత్సరములు శ్రమించెను. కాని నివేదిక వెలువడకమునుపే, 1966 జనవరి 24వ తేదీన, భాభా ఎక్కిన విమానము ఆల్ప్సు పర్వతములలోని మాంట్ బ్లాంకుపై కూలిపోయెను. ట్రాంబేలోని వారందఱికిని అది తండ్రిని పోగొట్టుకొనినట్లుండెను. నివేదిక మాత్రము ఆగలేదు. ఎలక్ట్రానిక్సులో దేశము తన కాళ్లపై తాను నిలువవలెనని అది చెప్పెను. ట్రాంబే ప్రయోగశాలలో రూపొందిన పరికరములను కర్మాగారములో తయారుచేయుటకు ఒక సంస్థ కావలసియుండెను. 1967 ఏప్రిల్ 11వ తేదీన హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడెను. దాని పేరులోని మొదటి అక్షరములే నేడు బస్సులపై కనబడు ఈ. సి. ఐ. ఎల్. రావుగారు దానికి మొదటి మేనేజింగు డైరెక్టరైరి. అప్పటికి ఆయన వయస్సు 52 సంవత్సరములు దాటెను.

ఆ సంస్థ చేపట్టిన వానిలో మూడు ముఖ్యములు: నియంత్రణ యంత్రములు, వార్తాప్రసార సాధనములు, కంప్యూటరులు. వీనిలో కంప్యూటరు కథయే మిక్కిలి చిక్కులతో కూడినది.

కంప్యూటరనగా లెక్కలు చేయు యంత్రమని సామాన్యముగా చెప్పుదురు. కాని అది తనంతట తాను ఏ లెక్కయు చేయదు. మొదట ఈ సంఖ్యను తీసికొనుము, దానికి ఆ సంఖ్యను కలుపుము, ఫలితమును అచ్చట ఉంచుము అని ఒక్కొక్క మెట్టు వ్రాసి ఈయవలెను. ఈ వ్రాతకే ప్రోగ్రాము అని పేరు. కంప్యూటరులు పుట్టిన తొలిదినములలో ఈ వ్రాతపని ఎంతయు తేలిక యని శాస్త్రజ్ఞులు తలంచిరి. గణితము తెలిసినవానికి ఇదియొక లెక్కయా అని వారి ధీమా. 1949లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో మారిస్ విల్క్సు అను శాస్త్రజ్ఞుడు ఎడ్సాక్ అను కంప్యూటరును నిర్మించి, దానికొక లెక్కను వ్రాసి యిచ్చెను. అది కేవలము 126 పంక్తుల వ్రాత. అందులో సుమారు 20 తప్పులు దొరలెను. తన శేషజీవితములో మంచి భాగము తన తప్పులను తాను వెదకుకొనుటలోనే గడచునని ఆయనకు ఆనాడే తోచెను. అంతటితో ఆయన ఊరకుండలేదు. వర్గమూలము వంటి తరచుగా వచ్చు లెక్కలకు ఒక్కసారి జాగ్రత్తగా ప్రోగ్రాములు వ్రాసి, పరీక్షించి, గ్రంథాలయమున పుస్తకములవలె భద్రపఱచి, కావలసినవారందఱును వానినే వాడుకొనునట్లు ఏర్పాటు చేసెను. 1951లో తన సహచరులతో కలిసి ఆ పద్ధతులనుగూర్చి ఒక గ్రంథమును ప్రకటించెను. శాస్త్రజ్ఞులకు ప్రోగ్రాము వ్రాయుట నేర్పిన తొలి గ్రంథమదియే యనవచ్చును.

మనదేశమున టాటా సంస్థలోని యువకులు టిఫ్రాక్ అను కంప్యూటరును స్వయముగా నిర్మించి 1960లో పనిలోనికి తెచ్చిరి. వారిలో అంతకుముందు కంప్యూటరుతో పనిచేసినవారు మిక్కిలి అరుదు. 1964లో ఆ సంస్థకే అమెరికానుండి సి. డి. సి. 3600 అను పెద్ద యంత్రము వచ్చెను. దేశములోని అనేక విద్యాసంస్థలనుండి శాస్త్రజ్ఞులు తమ లెక్కలను మూటగట్టుకొని బొంబాయికి పోవుచుండిరి. దేశమంతటికిని ఒక్క బావి యున్నట్లే గదా! ప్రతి ప్రయోగశాలకును తన దగ్గఱనే ఒక చిన్న కంప్యూటరు కావలసియుండెను.

ట్రాంబేలోని ఎలక్ట్రానిక్సు విభాగము అట్టి చిన్న యంత్రమును రూపొందించెను. 1969 జనవరిలో దానిని విక్రమ్ సారాభాయి ప్రారంభించెను. దాని పేరు టి. డి. సి. 12, అనగా ట్రాంబే డిజిటల్ కంప్యూటరు. ఒక్కొక్క సంఖ్యను 12 స్థానములలో సున్నలుగాను ఒకట్లుగాను వ్రాసికొనును గనుక ఆ 12. అట్టి 12 స్థానములలో 4,096 వేఱు వేఱు సంఖ్యలను వ్రాయవచ్చును. కాగితము తీసికొని ఒకటిని రెండుతో పండ్రెండు మారులు గుణించి చూచినచో ఈ సంగతి తేలును. ఆ యంత్రమును హైదరాబాదు సంస్థ తయారుచేసి అమ్మసాగెను. 1974లో టి. డి. సి. 312, ఆ వెనువెంటనే 1975లో 16 స్థానముల టి. డి. సి. 316 వెలువడెను.

రావుగారు పరికరముల విషయమున ఇరువదియేండ్లుగా ఎదుర్కొనిన చిక్కు ఇచ్చట మరల ఎదురయ్యెను. పెట్టె సరిగా చేసినంతమాత్రమున కంప్యూటరు సరి కాదు. దానికి ప్రోగ్రాములు కావలెను. ఆ ప్రోగ్రాములు వ్రాయువారు కావలెను. కొనువారు శాస్త్రజ్ఞులు, వారు తమ శాస్త్రమున ఉద్దండులైనను ఈ పనికి క్రొత్తవారు.

ఒక భౌతికశాస్త్రజ్ఞుడున్నాడనుకొందము. తన ప్రయోగమునకై అతడొక ప్రోగ్రాము వ్రాసెను. ఆ కాలమున దానిని కాగితపు టేపుమీద చిల్లులుగా పొడిచి యంత్రమునకు ఈయవలెను. ఒక చిల్లు తప్పినను లెక్క తప్పును. మూడు రాత్రులు మేల్కొని అతడు దానిని నడపించెను. ఫలితము వచ్చెను. ఇక దీనితో పనియేమని టేపును సొరుగులో పడవేసెను. రెండేండ్లు గడచినవి. అతని శిష్యుడు అదే లెక్కను కొంచెము మార్చి చేయవలసివచ్చెను. టేపు దొరకెను గాని దానిలో ఏ భాగము ఏమి చేయునో వ్రాసిన కాగితము లేదు. గురువునకే జ్ఞాపకము లేదు. అంతకంటె వింత యేమనగా, ఆ పాత ఫలితము సరియైనదని ఇప్పుడెట్లు నమ్మవలెను? ఉష్ణమాపకమును వాడుటకు ముందు మంచునీటిలో ముంచి సున్నను సరిచూచుకొను శాస్త్రజ్ఞుడు, ప్రోగ్రామునకు మాత్రము తెలిసిన సమాధానముగల ఒక చిన్న లెక్క నిచ్చి పరీక్షింపవలెనని తలపడయ్యెను.

ఇట్టి చిన్న ఉపేక్షకు ఎంత మూల్యము చెల్లింపవలసి వచ్చునో లోకము అప్పటికే చూచియుండెను. 1962 జులై 22వ తేదీన అమెరికావారు శుక్రగ్రహమునకు పంపిన మారినర్ 1 అను నౌక దారి తప్పగా, ఎగిరిన 293 సెకండ్లకే దానిని పేల్చివేయవలసివచ్చెను. మార్గమును లెక్కించు సూత్రమును ప్రోగ్రాములో వ్రాయునపుడు ఒక చిన్న గీత విడిచిపోవుట దానికి ఒక కారణము. 1968లో, అనగా హైదరాబాదు సంస్థ పుట్టిన మఱుసటి సంవత్సరమున, జర్మనీలోని గార్మిషు అను ఊరిలో వివిధ దేశముల నిపుణులు సమావేశమైరి. వంతెనలు కట్టువారికి ఒక క్రమశిక్షణ యున్నట్లే ప్రోగ్రాములు వ్రాయువారికిని ఒకటి యుండవలెనని వారు చర్చించిరి.

ఈ విషయమున ట్రాంబేనుండి వచ్చిన ఇంజనీర్లకు ఒక మేలుండెను. రియాక్టరు పరికరములతో చేయి తిరిగినవారికి పటము, పరీక్ష, వ్రాసిన పత్రము అను మూడును క్రొత్తవి కావు. వాల్వు మాడినను రియాక్టరు ఆగు వైపునకే ఒరుగవలెనని నేర్చుకొనినవారు, టేపుమీద చిల్లు తప్పినచో ఏమగునని అడుగుటకు సంకోచింపరు. కంప్యూటరును అమ్ము సంస్థ దానిని లారీపై పంపి చేతులు దులుపుకొనుటకు వీలులేదు. దానితోపాటు వివరముల పుస్తకములు పంపవలెను. సామాన్యముగా వచ్చు లెక్కల ప్రోగ్రాములను పరీక్షించి యీయవలెను. యంత్రము ఆరోగ్యముగా నున్నదా యని తెలిసికొను పరీక్షా ప్రోగ్రాములీయవలెను. వాడువారికి శిక్షణ గరపవలెను. చెడినపుడు పోయి బాగుచేయు మనుష్యులుండవలెను. కాశిలో నల్లబల్ల యొద్ద మొదలైన అధ్యాపకత్వము ఈ విధముగా మరల రావుగారి మెడకు చుట్టుకొనెను.

ఇదంతయు నల్లేరుపై బండినడక యని తలపరాదు. ఈ. సి. ఐ. ఎల్. కంప్యూటరులపై ఘాటైన విమర్శలు వచ్చినవి. వాటి ధర ఎక్కువ యనిరి. కావలసిన విడిభాగములను విదేశములనుండియే తెప్పించుచున్నపుడు ఇది స్వావలంబనమెట్లగునని అడిగిరి. మన యంత్రము బజారునకు వచ్చులోపల విదేశములలో రెండు క్రొత్త తరములు వచ్చుచున్నవనిరి. ఈ విమర్శలను త్రోసిపుచ్చుటకు వీలులేదు, చాలవఱకు నిజములే. 1978లో ప్రభుత్వము చిన్న కంప్యూటరుల తయారీకి ఇతర సంస్థలను కూడ అనుమతించెను. ఆ యేడే అమెరికా సంస్థ ఐ. బి. ఎమ్. ఈ దేశమును విడిచిపోయెను. అంతతో పోటీ తీవ్రమయ్యెను. కాని అప్పటి విమర్శకులు ఒక సంగతిని లెక్కలోనికి తీసికొనలేదు. యంత్రమును కొనినవానికి యంత్రము మాత్రమే దక్కును. చేసినవానికి చేయుట కూడ దక్కును. సర్క్యూటు పటమునుండి ప్రోగ్రామువఱకు కంప్యూటరును పూర్తిగా విప్పి చూచినవారు ఆనాడు మనదేశమున ఎందఱు? వారిలో పెక్కుమంది ఆ చౌరస్తా పరిసరములలోనే కాపురముండిరి.

సంస్థ చేసిన ఇతర కార్యములను కొన్నింటిని మాత్రము చెప్పుట చాలును. పూనా దగ్గఱి ఆర్వీలో 1971లో నెలకొల్పిన ఉపగ్రహ వార్తాకేంద్రమునకు బ్రహ్మాండమైన ఆంటెన్నాను ఈ సంస్థయే చేసెను. 1975 ఆగస్టు మొదలు ఒక సంవత్సరముపాటు ఆంధ్రప్రదేశముతో సహా ఆఱు రాష్ట్రములలోని 2,400 పల్లెలకు ఉపగ్రహము ద్వారా టెలివిజను ప్రసారములు చేసిరి. ఆ పల్లెలలో పెట్టిన టెలివిజను పెట్టెలు ఇచ్చట తయారైనవే. దుమ్ము, ఎండ, ఎప్పుడెంత వచ్చునో తెలియని కరెంటు. వాడువారిలో అధికసంఖ్యాకులు అట్టి పెట్టెను అదివఱకెన్నడును చూడనివారు. ప్రయోగశాలలో పుట్టిన వస్తువునకు ఇంతకంటె కఠినమైన పరీక్ష యుండదు. 1977లో ఎన్నికల సంఘము ఓట్లను లెక్కించు యంత్రమును రూపొందింపుమని ఈ సంస్థను కోరగా, 1979 నాటికి నమూనా సిద్ధమయ్యెను.

1972లో రావుగారికి పద్మభూషణ బిరుదము లభించెను. 1978లో ఆయన పదవినుండి విశ్రమించిరి. హైదరాబాదు నగరపు అంచున రాళ్లగుట్టల నడుమ మొదలైన సంస్థ అప్పటికి ఒక ఊరుగా పెరిగెను. ఉద్యోగులు దగ్గఱలో ఇండ్లు కట్టుకొనిరి. ఆ ఇండ్ల సముదాయమునకు ఆయన పేరే పెట్టుకొనిరి. 2003 అక్టోబరు 31వ తేదీన, 89 ఏండ్ల వయస్సున, సాంబశివరావుగారు పరమపదించిరి.

టాటా సంస్థవారు 1969లో తమ బెలూను కేంద్రమును హైదరాబాదున స్థిరముగా నెలకొల్పుకొనిరి. అదియు ఈ. సి. ఐ. ఎల్. పరిసరములలోనే యున్నది. శాస్త్రపరికరములను మోయు పెద్ద తెల్లని బెలూనులను అచ్చటివారు రాత్రివేళ పైకి విడుతురు. తెల్లవారుజామున యాప్రాలు మేడలపై నిలిచినవారికి అప్పుడప్పుడు ఆకాశమున ఒక తెల్లని చుక్క మెల్లగా కదలుచు కానవచ్చును.